మొదటి వాన నీళ్ళు

మా కెమిస్ట్రీ మేడం పోయిందని ఆవిడ చెల్లెలు కుప్పం నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు మదనపల్లెలో మా వీధి చివర కూరగాయల బండి దగ్గర బీరకాయలు ఏరుకుంటున్నాను. "అక్క పోయిందమ్మా. తెల్లారుజామున, నిద్దట్లోనే," అంది. "నువ్వొక్కదానివి వస్తే సాలు. ఇంకెవురికీ సెప్పొద్దని అక్క ముందే అనింది."

నేను చెప్పాను. మా కాలేజీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు.

మేడం, నేను ఒకే కాలేజీలో పని చేశాం. ఆవిడ కెమిస్ట్రీ, నేను తెలుగు. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కన ఉండేవి. ఆవిడ గురించి ఇప్పుడు రాయడానికి కారణం, మన ప్రాంతంలో ఆవిడ మీద వేరే కథ ఒకటి తిరుగుతూ ఉండటం. మీలోనూ కొందరు విని ఉంటారు. వంకలో నిమ్మకాయలు విడిచి పిల్లవాణ్ణి పొట్టన పెట్టుకున్న మేడం ఒకామె ఉండేదట అని. ఆ మేడం ఈవిడే. నిమ్మకాయలు విడిచిన మాట నిజం. నేను పక్కనే ఉన్నాను.

ఆవిడది కుప్పం దగ్గర పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త పోయాడు. పిల్లలు లేరు. చీర కింద కాన్వాస్ బూట్లు వేసుకునేది. ఎవరింటికి వెళ్ళినా, ఇచ్చిన గ్లాసును అదే నీళ్ళతో ఒకసారి తొలిచి పారబోసి, మళ్ళీ పోయించుకుని తాగేది. శాంపిల్ సీసాలను అట్లా కడిగీ కడిగీ అలవాటైపోయిందంతే. ఇంటివాళ్ళు మాత్రం నొచ్చుకునేవాళ్ళు. నోరు దురుసు. పిల్లలు ల్యాబులో "సార్ చెప్పినట్టే రంగు వచ్చింది మేడం" అంటే, "సార్ సెప్పింది నాకెందుకు, నీకేం కనిపించిందో అది సెప్పు" అని కసిరేది. నన్ను తెలుగమ్మా అని పిలిచేది. నేను రాసిన ఒక వ్యాసం చదివి, "కలుషితం, కలుషితం అని అన్ని సార్లు రాసినావే, ఏం కల్సిందో ఒక్కసారైనా రాస్తివా?" అని అడిగింది. ఆ రోజు కోపం వచ్చింది. ఆ తర్వాత నేను రాసిన ప్రతి వాక్యం వెనకా ఆ ప్రశ్న ఉంది.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక చెరువు ఉంది. ఊరి పేరు రాయను. ఆ చెరువులోకి మూడు వైపుల నుంచి నీళ్ళు వస్తాయి. పట్నం మురుగునూ సబ్బు నురగనూ మోసుకొచ్చే ఏరు ఒకటి. టమోటా గుజ్జు చేసే ఫ్యాక్టరీ పక్క నుంచి వచ్చే వంక ఇంకొకటి. మూడోది కొండ మీద నుంచి టమోటా తోటల మధ్యగా దిగే వంక. దాని నీళ్ళు అద్దంలా ఉంటాయి, అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తాయి.

ఒక ఎండాకాలం ఆ చెరువులో చేపలన్నీ తెల్లారేసరికి పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన మా కాలేజీకి వచ్చాడు. పెద్ద రైతు. ఆయన కూతురు మేడం దగ్గర చదువుకుంది.

"మేడమా, ఆ ఫ్యాక్టరీవాడు మా చెరువును సంపేస్తాండాడు. మీరు నీళ్ళు పరీక్ష చేసి ఒక కాయితం ఇయ్యండి సాలు. మిగిలింది మేం సూసుకుంటాం," అన్నాడు.

"కొలుస్తానప్పా. కొల్సినాక ఏముంటే అదే సెప్తాను," అంది మేడం. "నీకు కావల్సిందే వస్తాదని మాత్రం మాటియ్యలేను."

ఆయన నవ్వాడు. ఇంకేం వస్తుందిలే అన్నట్టు.

అట్లా మొదలైంది. సెలవు రోజుల్లో మేడం స్కూటరు మీద ఐస్ పెట్టె పెట్టుకుని ఇద్దరం వెళ్ళేవాళ్ళం. చెరువు నీళ్ళు ఒక్కటే ముంచి చూస్తే ఏ పాపం ఎవరిదో తెలియదు, చెరువులో కలవక ముందే ఒక్కో వంకనూ విడిగా పట్టుకోవాలి అనేది. మురికి ఎంత చిక్కగా ఉందో చూస్తే సరిపోదు, నీళ్ళు ఎంత పారుతున్నాయో కూడా కొలవాలి. సన్నగా పారే నల్లటి వంక కంటే నిండుగా పారే తేట వంక ఎక్కువ మోసుకొని రావచ్చు. నీటి వేగం కొలిచే యంత్రం మా కాలేజీకి లేదు. అందుకే నిమ్మకాయ. అది నీళ్ళలో సగం మునిగి తేలుతుంది, గాలికి పక్కకు కొట్టుకుపోదు, పచ్చగా దూరానికి కనిపిస్తుంది. మేడం ఎగువన నిలబడి నిమ్మకాయ విడిచేది. కొలిచి పాతిన కర్రల మధ్య అది ఎంతసేపటికి వచ్చిందో నేను గడియారం చూసి చెప్పేదాన్ని.

దిగువన నీళ్ళలో దిగి కాయను పట్టుకునే మనిషి ఒకామె ఉండేది. చెరువులో చేపల కౌలు ఉన్న కుటుంబాల్లో ఒకామె. చేపలు గంపకెత్తుకుని పుంగనూరులో అమ్ముకొచ్చేది. మేమేమీ అడగకుండానే మొదటిరోజే చీర ఎగదోపుకుని వంకలోకి దిగింది. "ఇంగొకటి ఇడువ్ మేడమా!" అని అక్కడి నుంచి కేక వేసేది. పని అయ్యాక కాఫీ కాచి ఇచ్చేది. గట్టు మీద ఆమె మనవడు ఉండేవాడు, ఇంకా బడికి పోయే వయసు లేదు. పట్టిన నిమ్మకాయలు మేడం వాడికే ఇచ్చేసేది. వాడు వాటిని బంతుల్లా విసురుకుంటూ ఆడేవాడు.

గట్టు మీదే మేడం సీసాల్లో రెండు మందు చుక్కలు వేసేది. నీళ్ళలో చేప పీల్చుకునే గాలి ఉంటే సీసాలో గోధుమ రంగు దిగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఊళ్ళో వాళ్ళు చుట్టూ చేరి సినిమా చూసినట్టు చూసేవాళ్ళు. పట్నం ఏరు సీసా తెల్లగా పాలలా ఉండిపోయినప్పుడు ఆ చేపలమ్మ మెటికలు విరిచి, "పాపిష్టి నీళ్ళు," అంది.

ఆ ఎండాకాలం నుంచి వానలు వెలిసేదాకా కొలిచాం. తర్వాత మేడం ఊరి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఫ్యాక్టరీ నీళ్ళు అన్నిటికన్నా చెడ్డవి, కానీ సన్నగా పారతాయి. పట్నం మురుగే అన్నిటికన్నా ఎక్కువ తెస్తోంది. దాని తర్వాత కొండవంక. తోటల్లో వేసిన ఎరువూ, కొట్టిన మందులూ వానకు కడుక్కుని ఆ తేట నీళ్ళలోనే చెరువుకు చేరుతున్నాయి.

ఆ తోటల్లో తనవీ ఉన్న పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"కొండవంకనా? సిన్నప్పట్నుంచీ ఆ నీళ్ళే తాగినాం మేడమా."

"అప్పుడు ఇంత ఎరువు యాడుండెనప్పా?" అంది మేడం.

ఆయన మళ్ళీ కాలేజీకి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "ఆ కొండవంక మాట ఒకటి ఇడిసిపెట్టండి. ఫ్యాక్టరీ, పట్నం, ఈ రెండూ రాయండి. ఊరు ఊరంతా మీ ఎనకాల నిలబడతాది."

"మూడు పారతాంటే రెండే పారినాయని ఎట్ల రాసేదప్పా?"

"అట్లయితే మీరు ఒంటిగా నిలబడండి," అని ఆయన వెళ్ళిపోయాడు.

మేడం మూడూ రాసి అధికారులకు ఇచ్చింది. వాళ్ళు జీపులో వచ్చారు. వచ్చే సంగతి ఫ్యాక్టరీకి ముందే తెలిసిందేమో, ఆ రోజు వాళ్ళ పక్క వంకలో తడి కూడా లేదు. పట్నం మురుగు సంగతి నిధులు వచ్చినప్పుడు చూస్తామన్నారు. అన్నిటికన్నా సులువైన పని ఒకటి చేసి వెళ్ళారు. ఈ చెరువులో చేపలు పట్టరాదు, తినరాదు అని కట్ట మీద బోర్డు పాతారు. చేపల కౌలు రద్దయింది. టమోటా మండీలో వ్యాపారులు "ఆ చెరువు పక్క కాయలా?" అని గంపలు పక్కన పెట్టించడం మొదలుపెట్టారు.

తర్వాత మేము వెళ్ళినప్పుడు చేపలమ్మ నీళ్ళలోకి దిగలేదు. వల గుడిసె చూరుకు వేలాడుతోంది, ఎండి గట్టిపడి.

"మేడమా, నువ్వు కొలిసింది నీళ్ళనా, మమ్మల్నా?" అంది.

ఆ తర్వాత మేడం ఎన్నిసార్లు ఆ ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. బోర్డు తీయాలంటే నీళ్ళు బాగుపడ్డాయని చూపించమన్నారు. సరే, చూపిస్తానంది. కొందరు రైతులు మందులు తగ్గించారు, ఫ్యాక్టరీ కూడా భయపడి మురికి నీళ్ళు నిలపడానికి గుంత తవ్వుకుంది. ఏ వంకలో ఎంత తగ్గిందో మళ్ళీ కొలిచి పెడితే కౌలు వాపసు వస్తుందని ఆవిడ ఆశ.

ఇంతలో చేపలమ్మ మనవడికి జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. మదనపల్లెకు తీసుకొచ్చారు. బతకలేదు. ఏ జబ్బో మాకు తెలియదు. మేడం ఆస్పత్రికి వెళితే ఆ ఇంటివాళ్ళు బయటే ఆపేశారు.

మాట ఎవరి నోట మొదలైందో చెప్పలేను. వినపడేసరికి అందరి నోటా ఉంది. భర్త పోయినామె, బిడ్డలు లేనామె, సీసాల్లో రంగులు మార్చేది, పారే నీళ్ళలో నిమ్మకాయలు ఇడిసేది, అవే ఆ పిల్లోని సేతికిచ్చేది. పెద్దాయనను ఎవరో అడిగితే, "అవును, నేను కండ్లారా సూసినా," అన్నాడట. ఆయన చూసిన మాట నిజమే.

తర్వాతి ఏడు తొలి వాన పడింది. తెల్లవారుతూనే మేడం మా గుమ్మం ముందు స్కూటరు ఆపింది.

"ఈ ఒక్కసారికి వద్దు మేడం. వాళ్ళు కోపంగా ఉన్నారు."

"ఎండాకాలమంతా పేరుకున్నెదంతా తొలి వానకే కదమ్మా కొట్టుకోనొచ్చేది. ఈ పొద్దు పోకుంటే మళ్ళా ఏడాది ఆగల్ల. అంతవరకూ ఆ సేపలోళ్ళు ఏం తినల్ల?"

వెనక ఎక్కి కూర్చున్నాను.

పట్నం ఏటి దగ్గర, ఫ్యాక్టరీ వంక దగ్గర పని అయింది. కొండవంక దగ్గరికి వచ్చేసరికి వాన తగ్గింది. నీళ్ళు ఎర్రగా ఉరుకుతున్నాయి. పట్టుకునే మనిషి లేదు కాబట్టి దిగువన నేనే నిలబడ్డాను. మేడం ముందు సీసా నింపి పెట్టెలో పెట్టి, తర్వాత నిమ్మకాయ విడిచింది. అది నా దాకా రాకముందే తోటల్లో నుంచి మనుషులు దిగారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు. ముందు పెద్దాయన. వెనకాల చేపలమ్మ, జుట్టు విరబోసుకుని ఉంది.

ఎవరో మేడంను చెంప మీద కొట్టారు. కళ్ళద్దాలు నీళ్ళలో పడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళు నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. పెనుగులాడాను, కదలలేకపోయాను. మేడం జుట్టు పట్టి లాగి బురదలో మోకాళ్ళ మీద కూలేశారు.

"నువ్వు చెప్పమ్మా!" అని నేను చేపలమ్మ వైపు అరిచాను. "ఆ నిమ్మకాయలు ఎందుకో నీకు తెలుసు కదా! నువ్వే కదా పట్టేదానివి!"

ఆమె నన్ను చూడలేదు. పారే నీళ్ళను చూసింది. "నాకేం తెల్సు? ఆమె ఇడిసేది, నేను పట్టేది. నా మనవడి సేతికిచ్చింది ఆమే," అంది.

పెద్దాయన ఐస్ పెట్టె తెరిచాడు. పొద్దుటి నుంచి పట్టిన సీసాలు వరుసగా ఉన్నాయి. "మా నీళ్ళు బాగలేదంటివి కదా. తాగు. ఏమవుతాదో మేమూ కొలుస్తాం," అన్నాడు. ఒకడు తల వెనక్కి వంచాడు, ఒకడు దవడలు పట్టుకున్నాడు. పట్నం ఏటి నీళ్ళు ముందు పోశారు. తర్వాత ఫ్యాక్టరీవి. మేడం కక్కుకుంది. కక్కుకున్నాక కొండవంక సీసా పట్టారు. ఒక కుర్రవాడు ఇదంతా ఫోనులో తీస్తూ, సరిగా కనిపించేటట్టు వాళ్ళను కొంచెం పక్కకు జరగమన్నాడు. వాళ్ళు జరిగారు.

అంతా వెళ్ళిపోయాక ఆవిడను ఒళ్ళో పడుకోబెట్టుకుని మూతి తుడిచాను. కళ్ళద్దాలు లేని కళ్ళతో పెట్టె వైపు చూసి, "శాంపిళ్ళన్నీ పోయినాయమ్మా," అంది. అదే మొదటి మాట.

మేము ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేలోపే ఆ వీడియో మా కాలేజీకి చేరింది. పోలీసు స్టేషన్లో రాజీ చేసుకోమన్నారు. పిల్లవాడు పోయిన ఇల్లు, ఊరంతా ఒక మాట మీద ఉంది, మీరు చదువుకున్నవాళ్ళు, మీరే సర్దుకోవాలి అన్నారు. నేను సాక్ష్యం చెబుతానంటే నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కాలేజీలో కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. సెలవు అయ్యాక ఆవిడ ల్యాబుకు వస్తే, చేతిలోంచి బీకరు అందుకోవడానికి పిల్లలు జంకారు. ఒకమ్మాయి చేయి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. మేడం ఆ బీకరును బల్ల మీద పెట్టి, తొలిచి, బోర్లించి, ల్యాబు తాళం నా చేతికిచ్చి బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

కుప్పంలో చెల్లెలి ఇంట్లో ఉండేది, రైలు స్టేషను దగ్గర. బెంగళూరు రైళ్ళ చప్పుడు, గ్రానైటు లారీల చప్పుడు. నేను వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. మొదట్లో పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పేది. ఎవరో ఆ వీడియో గుర్తుపట్టాక వాళ్ళూ రావడం మానేశారు.

ఒకసారి పుంగనూరు బస్టాండు దగ్గర చేపలమ్మ కనిపించింది. పూలు అమ్ముతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది, మళ్ళీ తనే పిలిచింది. "నాకు తెల్సుమ్మా ఆ నిమ్మకాయలు ఎందుకిడిసేదో. బాగా తెల్సు. పిల్లోడు పాయ. నింద మొయ్యను నా ఇంటికి ఎవురో ఒకరు దొరకల్ల. ఆమె దొరికె," అంది. మేడం ఎట్లా ఉందని అడగలేదు.

ఆ మాట మేడంకు చెప్పాను. "ఆ పొద్దు ఆమె సెప్పుంటే ఆమెనూ కొట్టుండేవాళ్ళు," అంది. తర్వాత గొంతు మార్చి, "అయినా సెప్పుంటే బాగుండేది," అంది. ఆవిడ కళ్ళ నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే.

చివరికి కిడ్నీలు పాడయ్యాయి. నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నారు. చెల్లెలు పొద్దున్నే చిన్న చెంబులో నీళ్ళు పెట్టేది, రోజంతటికీ అంతే. ఎండాకాలం నాలుక పిడచగట్టుకుపోయి, "ఇంకొంచెం పొయ్యవే," అని అంత పెద్దావిడ చిన్నపిల్లలా చెల్లెల్ని బతిమాలుకునేది. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. నాతో మాత్రం నవ్వింది. "నాకే కొలిచి పోస్తాండారు సూడమ్మా."

ఆ రోజు తాపించిన నీళ్ళ వల్లే కిడ్నీలు పోయాయని ఇక్కడ రాయాలని నాకు ఎంతగానో ఉంది. ఆవిడతోనే అన్నాను. పడుకున్నదల్లా మోచేతి మీద లేచింది. "నాకు షుగరు ఎప్పట్నుంచో ఉండాది. డాక్టరు అదే అనె. ఆ నీళ్ళకూ దీనికీ లంకె నీకు యాడ కనపడింది? నీకు కోపముండాది తెలుగమ్మా. కోపముంటే కోపమని రాయి."

అందుకే అట్లాగే రాస్తున్నాను. నాకు కోపంగా ఉంది.

కుప్పంలో ఆవిడను సాగనంపడానికి చెల్లెలు, ఆమె భర్త, వీధిలోని ముగ్గురు నలుగురు, నేను. నోట్లో నీళ్ళు పోయమని చెల్లెలు నాకు గ్లాసు ఇచ్చింది. కాస్త ఎక్కువే పోసేశాను. "పోనీలేమ్మా, ఇప్పుడు తాగనీ," అంది ఆమె.

సాయంత్రం బస్సులో తిరిగి బయలుదేరాను. పుంగనూరు దాటాక బస్సు ఆగిపోయింది. ఆ చెరువు నిండి, కట్ట చివరి మరవ మీదుగా నీళ్ళు పొర్లి పారుతున్నాయి. రోడ్డు నిండా జనం. పలకలు మోగుతున్నాయి. కట్ట మీద బోర్డు లేదు, ఎప్పుడు తీశారో తెలియదు. పెద్దాయన తలపాగా చుట్టుకుని, గంగమ్మకు పసుపూ కుంకుమా వేసి, కొత్త చీర నీళ్ళ మీద పరుస్తున్నాడు. ఆడవాళ్ళు దండం పెట్టుకుంటున్నారు. మరవ కింద, నీళ్ళు పడే చోట, తెల్లటి నురగ మనిషెత్తున లేచి నిలబడింది. గాలి వీచినప్పుడల్లా దూది పింజల్లా తెగి రోడ్డు మీదికి కొట్టుకొస్తోంది. పిల్లలు దాన్ని దోసిళ్ళతో పట్టుకుని నెత్తిన పెట్టుకుంటున్నారు, గడ్డాలకు అంటించుకుంటున్నారు. తల్లులు నవ్వుతూ ఫోనుల్లో ఫొటోలు తీస్తున్నారు.

ఒక చిన్నది నా కిటికీ కిందికి వచ్చి, అరచేతి నిండా నురగ పైకెత్తి చూపించి, నా మీదికి ఉఫ్‌మని ఊదింది. అద్దం మూసి ఉంది కాబట్టి అది వచ్చి అద్దానికి అంటుకుంది. బస్సు కదిలి మదనపల్లె దారి పట్టింది. ఆ నురగ పగలలేదు, ఆరలేదు. నా ముఖానికి ఎదురుగా వణుకుతూ, అట్లాగే పట్టుకుని ఉంది.